గడప తాకని పోత

"పొయ్యిల నీళ్ళు పోసిందెవరు?"

వంటింట్లో అడుగు పెట్టగానే బాలనర్సమ్మ అడిగిన మొదటి మాట అది. వాకిట్లో నిలబడ్డ బిక్షమ్మ తెల్లబోయింది. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. కనబడకుండా పోయిన పుష్పమ్మ ఆమె మొగుడు జానయ్యకు మేనకోడలు. తల్లి చచ్చిపోయిన నాటి నుంచి ఈ ఇంట్లోనే పెరిగింది. మిషను దవాఖానలో నర్సు పని నేర్చింది.

"నేనైతే పొయ్యలేదక్కా. ఆ పొయ్యి ముట్టద్దని అమీన్ సాబ్ చెప్పిండు. ముందటి పంచల మూడు రాళ్ళు పెట్టుకొని వండుతున్న."

బాలనర్సమ్మ గొంతుక్కూర్చుని బూడిదను వేళ్ళతో విరిచింది. అప్పం ముక్కలా పెళ్ళలు పెళ్ళలుగా విరిగింది. కట్టెలు లోపలే నల్లగా మాడి ఉన్నాయి. పొయ్యి గోడకు కొత్త పగులు. పక్కనున్న కుండలో జొన్నగటక సగం ఉడికి గడ్డకట్టింది. తెడ్డు అందులోనే నిలబడి ఉంది.

ఆడది పొయ్యి ఆర్పాలంటే కట్టెలు వెనక్కి లాగి బూడిదలో పొర్లిస్తుంది. బొగ్గు రేపటికి పనికొస్తుంది, పొయ్యి పగలదు. మండుతున్న పొయ్యిలో చెంబెడు నీళ్ళు గుమ్మరించేది మగవాడు. అదీ తొందరలో ఉన్నవాడు.

ఆమె ఈ సంగతి బయటికి అనలేదు. నల్లగొండ ఠాణాలో ఆడఖైదీల ఒళ్ళు తడిమి సోదా చేయడం బాలనర్సమ్మ పని. హోదా లేదు, డ్రెస్సు లేదు. ఊళ్ళో అందరూ తలాషీ బాలనర్సమ్మ అంటారు. మగ పోలీసులు అడిగితే నోరు విప్పని ఆడవాళ్ళున్న చోటికి జిల్లా పోలీసు అధికారి మొహతమీం సాబు ఆమెను పంపుతుంటాడు. ఈ శనివారం పొద్దున అట్లాగే కట్టంగూర్ అవతల ఉన్న ఈ నెమలిబండకు పంపాడు.

"సోమవారం కోర్టుల ఆ పిల్ల గవాహీ ఉంది, సాక్ష్యం చెప్పాలె. పిల్ల బతికుంటే తీస్కరా. చచ్చిపోతే ఎవరు చంపిన్రో చెప్పు," అన్నాడు.

దొర గడిలో వెట్టికి పోయిన నాగులమ్మ అనే కూలిమనిషి నెల కింద దెబ్బలు తిని చచ్చిపోయింది. జ్వరమొచ్చి పోయిందని దొర మనుషులు రాయించారు. ఆ ఒంటి మీది దెబ్బలు కళ్ళారా చూసింది నర్సు పుష్పమ్మ ఒక్కతే. అందుకే ఆమె ఇంటికి పది రోజులుగా ఒక జవానును కాపలా పెట్టారు. అయినా గురువారం సాయంత్రం పిల్ల మాయమైంది.

"ఏం బాలనర్సమ్మా, బూడిదల పిల్ల దొరికిందా?"

ఈ ఇలాకా పోలీసు అమీను, గులాం నబీ. తల వంచి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. చేతిలో సగం రాసిన కాగితం ఉంది.

"దొరకలే సాబ్. మీ కాయిదంల దొరికిందా?"

"దొరికింది. మూడు గంటలకు రిపోర్టు పోతది. ఫరార్. పారిపోయి దొరకు ఎదురుతిరిగిన సంగపోళ్ళల్ల కలిసిపోయింది. సుబూత్ కావాల్నా? చూడు." బెత్తం ఎత్తి పొయ్యికి ఎడమ వైపు గోడను చూపించాడు.

సున్నం వేసిన గోడ మీద బొగ్గుతో ఒక్క మాట ఉంది. అక్షరాలు తెలుగువే. మాట మాత్రం ఏ భాషదీ కాదు.

లుమదోసిక.

"సంగపోళ్ళ చోర్ జబాన్, దొంగ బాస అనుకున్న," అన్నాడు అమీను. "గోడ అవతలి ఇంటి అన్వరీ బేగం ఉంది గద, పర్దా ఎనుక కూసుండవెట్టి అడిగిన. చిన్నప్పుడు వాళ్ళిద్దరు కట్టుకున్న బాసనట. గా మాటకు అర్థమేందంటే చెప్పింది. పోవుడు. అంతే. 'పోతున్న' అని రాసి పోయింది. తన చేత్తోని రాసింది. ఇంకేం కావాలె?"

"ఏ తలుపుల కెల్లి పోయింది?"

"ఎనుక తలుపు. ముందట జవాను ఉండె కద."

బాలనర్సమ్మ లేచి వెనుక తలుపు తీసింది. గడప అవతల మూరెడు అరుగు. దాని మీద పేడతో అలికిన చారలు ఆరి గట్టిపడి ఉన్నాయి.

"బిక్షమ్మా, ఈడ ఎప్పుడు అలికినవ్?"

"గురువారం పొద్దు వాలినంక. ఊరి కూటానికి పోతం గద అని, నాలుగు గంటలప్పుడు."

"తర్వాత?"

"మల్ల అలకలే. చేతులాడుతలేవు."

"సాబ్, ఇటు రాండ్రి. చలికాలం పచ్చి అలుకు ఆరాలంటే రెండు మూడు గంటలు. కోడి నడిచినా అచ్చు పడుతది. చూడుండ్రి, కోడివే ఉన్నయి. మనిషి అడుగు ఒక్కటి లేదు."

అమీను వంగి చూశాడు. ముఖం ఎర్రబడింది.

"దునికి ఉంటది."

"దునికితే అటు దిక్కు ముళ్ళకంచె. పుష్పమ్మ ఏమన్న లేడిపిల్లనా?"

"నువ్వు ఒళ్ళు తడిమేటి దానివి. కేసు తఫ్తీష్ నాకు నేర్పకు. మూడు గంటలు. ఒక్క నిమిషం ఆగ." కాగితం ఊపుకుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

ముందు గదిలో గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. ఫరారని రాసిన మనిషిని ఎవరూ వెతకరు. రిపోర్టు కదిలిందంటే పుష్పమ్మ ఎక్కడున్నా, ఆమె కోసం తలుపు తట్టేవాడు ఉండడు.

కాపలా జవాను గాలయ్య ముందు అరుగు మీద నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళ వాడు. నవ్వు మొహం. ఆమెను చూడగానే బీడీ పారేసి చేతులు కట్టుకున్నాడు.

"గురువారం ఏమైంది తమ్మీ? గంటలతోని చెప్పు."

"నాలుగున్నరకు జానయ్యన్న, వదిన కూటానికి పోయిన్రు. ఊరు ఊరంత ఆడనే ఉండె. పుష్పమ్మ వంట చేస్తున్నది. ఐదు కొట్టినంక బీడీకి నిప్పు అడుగుదామని లోపటికి పోయిన. ఎవరు లేరు. ఎనుక తలుపు తెరిసి ఉంది."

"పొయ్యి?"

"చల్లగ ఉండె. ఎప్పుడో ఆర్పి పోయినట్టుంది."

"మరి బీడీ ఎట్ల ముట్టిచ్చినవ్?"

"జేబుల అగ్గిపెట్టె..." అని ఆగాడు.

"అగ్గిపెట్టె ఉండంగ నిప్పుకు ఎందుకు పోయినవ్?"

గాలయ్య తల గోక్కుని సిగ్గుపడుతూ నవ్వాడు. "ఏం చెప్పాలక్కా. పడుసు పిల్ల. నాలుగు మాటలు మాట్లాడుదామని. అమీన్ సాబుకు చెప్పకు, నౌకరి పోతది."

నమ్మబుద్ధయ్యే జవాబే. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే అతని కాళ్ళకు చుట్టిన పట్టీల వైపు చూసింది. మడతల్లో తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. ఈ ఊరి దుమ్ము ఎర్రది.

"సున్నం వేస్తున్నవా ఏంది ఎక్కడన్న?"

"ఆఁ?" అతను కిందికి చూసుకుని కాలు వెనక్కి తీసుకున్నాడు. "పిల్ల కోసం దేవులాడుకుంట తూర్పు దిక్కు పాడువడ్డ సున్నం బట్టీ దాక పోయిన. అంత చూసిన. ఏం లేదు."

* * *

అన్వరీ బేగం వంటింటికీ పుష్పమ్మ వంటింటికీ ఒకటే గోడ. మధ్యలో ఒక ఇటుక ఊడిపోయి అరచెయ్యి పట్టేంత కంత ఉంది. అందులోంచి చూస్తే బొగ్గుతో రాసిన మాట ఎదురుగా కనబడుతుంది.

అన్వరీ బీరువాకు ఆనుకొని కూర్చుని ఒక కుర్తా కుడుతోంది. ఇరవై మూడేళ్ళుంటాయి. కుట్టిన చోటే మళ్ళీ కుడుతోందని బాలనర్సమ్మ గమనించింది.

"అమీన్ సాబుకు ఏం చెప్పినవ్ బిడ్డా?"

"గా మాటకు అర్థమేంది అన్నడు పెద్దమ్మా. పోవుడు అన్న."

"అబద్ధమా?"

"కాదు. అల్లా సాక్షి. పోవుడే."

"మరి సూది వేళ్ళకెందుకు గుచ్చుకుంటాంది?"

అన్వరీ కుర్తా ఒళ్ళో పెట్టుకుంది. బాలనర్సమ్మ ఆమె పక్కన చాప మీద కూర్చుంది.

"అమీన్ సాబు ఏం పోవుడో అడగలే. మగోడు, ఆయనకు పోవుడంటే పోవుడే. నేను అడుగుతున్న. మీ బాసల పోవుడు ఎన్ని తీర్లు?"

అన్వరీ కంత వైపే చూస్తూ మెల్లగా మొదలుపెట్టింది.

"అప్పుడు మేము ఎనిమిదేండ్లోళ్ళం. ఎవరు ఏడికి పోయిన్రనేది మాకు అక్కర లేకుండె. ఏ తలుపుల కెల్లి పోయిన్రనేదే కావాలె. ముందటి తలుపుల కెల్లి పోతె అడిగి పోయినట్టు. అది లుమపె. ఎనుక తలుపుల కెల్లి పోతె ఎవరికి చెప్పకుంట పోయినట్టు. అది లుమరి."

"గోడ మీద లుమరి లేదు."

"లేదు."

"లుమదో ఉంది."

అన్వరీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా ఫూఫీ, అదే మేనత్త, పెండ్లప్పుడు చేసుకున్న మాట అది. మేన పల్లకిల ఎక్కేటప్పుడు ఫూఫీ ఏడ్సుకుంట గడప కాడ కూలవడ్డది. ఇద్దరు రెక్కలు పట్టి ఎత్తి మేనల కూసుండవెట్టిన్రు. పుష్ప గీ కంతలకెల్లి అంత చూసింది. 'అన్నూ, మీ ఫూఫీ ముందటి తలుపుల కెల్లే పోయింది గద, లుమపె అనాల్నా?' అని అడిగింది. వద్దన్న. ఆమె కాళ్ళు గడపకు తాకలే. ఆమె పోలే. పట్టుకపోయిన్రు. గా పొద్దు ఇద్దరం కూసొని లుమదో అని పెట్టుకున్నం. గడప తాకని పోత."

బయట కాకి ఒకటి అరిచింది. పుష్పమ్మ ముందు తలుపులోంచే పోయింది. కానీ పోలేదు.

"తర్వాతి అచ్చరం? సి?"

"అది యాళ్ళ. గడియారాలు మాకేడియి? పొయ్యి ముట్టియ్యక ముందు అయితె మొ. పొయ్యి మండంగ అయితె సి. ఆర్పినంక అయితె తె."

పొయ్యి మండుతుండగా. చల్లగా ఉండె అన్నాడు గాలయ్య. చెంబెడు నీళ్ళు పోస్తే మరి చల్లగానే ఉంటుంది.

పిల్ల తెలివి ఆమెకు కళ్ళకు కట్టింది. వెనుక ఎవడో తొందరపెడుతుంటే, కట్టె సర్దుతున్నట్లు వంగి, బొగ్గు తీసి, అయిదక్షరాలు గీసింది. చూసినవాడికి చంటిపిల్లల రాత. పక్కింటి కంతకు మాత్రం కేక.

"ఇంకో అచ్చరం మిగిలింది బిడ్డా. క."

అన్వరీ పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెప్పు."

"ఎవరు చేసిన్రో చెప్పేది అది." "న అంటె నేనే. గు అంటె పరాయోడు. క... అది మొదలు పిల్లి కోసం పెట్టినం పెద్దమ్మా. పుష్పోళ్ళ ఇంట్ల ఒక పిల్లి ఉండేది. పెట్టిందంత తిని, మూతి తుడుసుకొని, మల్ల వాళ్ళ పాలే దొంగతనం చేసేది. 'పాలు పోయినయ్, క' అనేది పుష్ప. నవ్వి నవ్వి సచ్చేటోళ్ళం."

"అంటే?"

"మా ఇంట్ల ఉప్పు తిన్నోడు."

పుష్పమ్మను పట్టుకుపోయినవాడు ఆ ఇంటి అన్నం తిన్నవాడు. బాలనర్సమ్మ అన్వరీ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"గిది తెలిసి రెండు రోజులు నోరు మూసుకున్నవ్. ఎవరి కోసం?"

"మా భాయి..." ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. "పీర్ మహమ్మద్. ఆ ఇంట్ల మా అన్న తినని పూట లేదు. బుధవారం టాంగా కట్టుకొని పోయిండు, ఇప్పటిదాక రాలే. ఆ మాట చదివినప్పటి సంది నాకు గుండె ఆగింది. అన్న పేరు నేనెట్ల చెప్పాలె? పుష్పను ఎట్ల ఇడిసిపెట్టాలె? రెండు రోజుల సంది ఈ కంతలకు చూడాలంటె భయమైతాంది."

"పిచ్చిదానా! మీ అన్న గుర్రానికి కాలు వాచి బుధవారం పొద్దూకే సరికే నల్లగొండల నిలవడ్డది. మూడు దినాలు మా ఠాణా ముందటనే ఉండి గుర్రం కాలుకు కాపుడం పెట్టుకుంట అందర్ని తిట్టిండు. పొద్దుగాల నేనొచ్చింది ఆయన టాంగాలనే. ఊరి బయట గుర్రానికి నీళ్ళు తాపుతున్నడు."

అన్వరీ ఆమె ఒళ్ళో తల పెట్టి పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం ఎంతో, సిగ్గు అంత.

"జానయ్య కూటంల ఉండె. ఊరంత సాక్ష్యం," అంది బాలనర్సమ్మ, తనలో తాను. "ఇంకెవరు తిన్నరు ఆ ఇంట్ల?"

"ఇంకెవరు లేరు పెద్దమ్మా. చుట్టాలు గూడ రాలే."

"మంచిగ యాది చేసుకో."

"ఎవరు లేరు."

బాలనర్సమ్మ లేచి నిలబడింది. గుమ్మం దగ్గర ఏదో తట్టినట్లు ఆగింది. "రావుడుకు మీ బాసల ఏమంటరు బిడ్డా?"

అన్వరీ కళ్ళు తుడుచుకుంది. "దానికి మాట లేదు. మాకు అవసరం పడలే. గోడకాడ పిలిస్తె ఎప్పుడు ఆడనే ఉండేది."

* * *

ముందు పంచలో మూడు రాళ్ళ పొయ్యి పక్కన బిక్షమ్మ జొన్నరొట్టె కొడుతోంది. గాలయ్య నిలబడ్డ చోట ఎవరూ లేరు.

"ఎవరికి గన్ని రొట్టెలు?"

"మాకే అక్కా. ఎక్కువ చేసిన. గాలయ్య తీస్కపోతడనుకున్న."

ఇంటి ముందు కాపలా ఉన్న జవానుకు ఆ ఇంటివాళ్ళే పుక్కటికి పెట్టడం ఊరి రివాజు. పెట్టేవాళ్ళు కూడా దాన్ని పెట్టడం అనుకోరు. కుక్కకు వేసినట్లు, కాకికి వేసినట్లు, సర్కారుకు వేస్తారు. అందుకే ఎవరు తిన్నారంటే ఎవరికీ గాలయ్య యాదికి రాలేదు. పుష్పమ్మకు మాత్రం వచ్చింది. పది రోజులు తన చేత్తో వడ్డించింది కాబట్టి.

"గాలయ్య రోజూ ఈన్నే తింటడా?"

"తినకపోతె మరి? మొదలు రెండు రొట్టెలు తినేటోడు. ఈ గురువారం రాత్రి సంది నాలుగు అడుగుతున్నడు. 'తిరిగి తిరిగి ఆకలైతాంది వదినా, గిన్నెల కట్టి ఇయ్యి, కాపలకాడ తింట' అన్నడు. పాపం, మా పిల్ల కోసమే తిరుగుతున్నడు గద అని తొక్కు గూడ ఏసిన. నిన్న మామిడికాయ తొక్కు అడిగి ఏయించుకున్నడు. మా పుష్పకు గదంటే పానం."

నాలుగు రొట్టెలు. ఇద్దరికి. మామిడికాయ తొక్కు. అంటే నిన్నటి దాకా బతికి ఉంది. సున్నం బట్టీలో కూర్చుని, అత్త చేసిన రొట్టె తిన్నది. దొర నుంచి మాట వచ్చేదాకా గాలయ్య ఆమెను చంపడానికి జంకాడేమో. లేక ఊరి జనం వెతకడం ఆగేదాకా కాచుకున్నాడేమో.

ముందు గదిలో గులాం నబీ కలం తుడుచుకుంటున్నాడు. బల్ల మీద కాగితం లేదు.

"అమీన్ సాబ్! రిపోర్టేది?"

"పోయింది. మూడు దాక ఎందుకని రెండుకే దస్తకత్ చేసిన. నీ బూడిద పంచాయితి తెగేది కాదు."

"ఎవరితోని పంపిన్రు?"

"గాలయ్యతోని. నా గుర్రమిచ్చి పంపిన. కాపలా ఇంక ఎవరికి కావాలె?"

బాలనర్సమ్మ వంటింటి గోడ మీది మాటను విడదీసి ఒక్కొక్క అక్షరం చెప్పింది. ముందు తలుపు. పట్టుకపోయిన్రు. పొయ్యి మండంగ. ఉప్పు తిన్నోడు. పట్టీలలో సున్నం. నాలుగు రొట్టెలు. అమీను మొదట నవ్వబోయాడు. రొట్టెల దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవి మీది నవ్వు అట్లాగే ఎండిపోయింది. తన సంతకంతో, తన గుర్రం మీద, తనే పంపాడు.

"యా అల్లా," అన్నాడు. అప్పటికే తుపాకీ కోసం చెయ్యి చాపుతున్నాడు. "టాంగా! పీర్ మహమ్మద్ ఏడి? టాంగా కట్టు!"

"బిక్షమ్మా," బాలనర్సమ్మ బయటికి ఉరికింది. "గాలయ్య పోయేటప్పుడు రొట్టెలు తీస్కపోయిండా?"

అది ఒక్కటే ఇప్పుడు ఆమెకు కావలసింది. తీసుకుపోయి ఉంటే ఇంకా టైముంది.

బిక్షమ్మ పిండి చేతులతో లేచి నిలబడింది. పాపం, ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.

"లేదక్కా. ఇయ్యాల వద్దన్నడు. 'ఇంకో మనిషికి తిప్పల ఎందుకు వదినా, ఇంక అక్కర లేదు' అన్నడు. చూడు, ఎంత మర్యాద. రోజు ఎంగిలి గిన్నె గట్లనే పడేసేటోడు..."

పంచ మూలన, గోడ నీడలో, సత్తు గిన్నె బోర్లించి ఉంది. శుభ్రంగా కడిగి.